రాయచోటి కోర్టులో ఈజిప్టు బొమ్మ

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పిల్లలు నన్ను చాటుగా ‘మమ్మీ మేడం’ అనేవాళ్లు. కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. సిలబస్‌లో ఉన్నవన్నీ చెప్పేదాన్ని గానీ, నా పరిశోధన మాత్రం ప్రాచీన ఈజిప్టు మీద. చనిపోయినవాళ్లతో పాటు సమాధుల్లో ఏమేం పెట్టేవాళ్లు, ఎందుకు పెట్టేవాళ్లు అన్నది నా విషయం. ఎండాకాలంలో తుంగభద్ర ఎండిపోయి మనం ట్యాంకర్ల వెంట పరిగెత్తుతుంటే, ఈవిడ క్లాసులో నైలు నదికి వరద తెప్పిస్తుందని స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక సంగతి ముందే చెప్పాలి. నేను ఈజిప్టు వెళ్లలేదు. ఒకసారి అన్నీ కుదిరాయనుకుంటే అక్కడ గొడవలు మొదలయ్యాయి. ఇంకోసారి ఇక్కడ సెలవు దొరకలేదు. తర్వాత అడగడం మానేశాను. పుస్తకాలు, ఫొటోలు ముందేసుకుని ఆ బొమ్మల లిపిని గుర్తు గుర్తుగా నేర్చుకున్నాను. మ్యూజియంలో గాజు పెట్టె ఇవతల నిలబడి చూసిందే తప్ప ఒక్క ఈజిప్టు వస్తువునైనా చేత్తో తాకి ఎరగను. తీరా అలాంటిది మొదటిసారి చేతికొచ్చింది ఎక్కడా అంటే, పోలీస్ స్టేషన్‌లో.

రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో, రాయచోటి దగ్గరి ఒక స్టేషన్ నుంచి ఎస్సై ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. కువైట్‌లో ఇంటిపని చేసి సెలవు మీద వచ్చిన ఒకామె దగ్గర ఈజిప్టు బొమ్మ పట్టుకున్నామని చెప్పాడు. పురావస్తు శాఖవాళ్లను అడిగితే, మన విగ్రహాలైతే మాకు తెలుసు గానీ ఇది మా వల్ల కాదని చెప్పి నా పేరు ఇచ్చారట. వచ్చి ఒక్కసారి చూసి, అసలుదో కాదో చెబితే చాలన్నాడు.

ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో, నాకు అంత బరువుగా దిగింది. నంద్యాల మీదుగా కడపకు, అక్కడ బస్సు మారి రాయచోటికి బయల్దేరాను. గువ్వలచెరువు ఘాటు దగ్గర బస్సు ఆగితే అందరూ కోవా కొనుక్కోవడానికి దిగారు. నేను సీట్లోంచి లేవలేదు. ఇన్నేళ్లూ ఈజిప్టు గురించి నేనేం చెప్పినా సరిచూసేవాళ్లు ఇక్కడ లేరు. తప్పు చెప్పినా పరీక్షలో ఒక ప్రశ్న తప్పేది, అంతే. ఇప్పుడు నా మాటను బట్టి ఒక మనిషి జైలుకు పోవచ్చు.

స్టేషన్ వరండాలో బెంచీ మీద ఆమె కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. పక్కన తమ్ముడు. జరిగిందంతా అతని వల్లనే. కువైట్‌లో ఆమె పనిచేసే ఇంట్లోనే వంట చేసే ఒక ఈజిప్టు పెద్దామె ఉండేదట. ఆ పెద్దామెకు పెద్ద జ్వరం తగిలి మంచాన పడితే ఈమె తన పని చేసుకుంటూనే ఆమెకూ సేవ చేసింది. కోలుకున్నాక ఆ వంటావిడ, తన తల్లి దాచిపెట్టి తనకిచ్చిందని చెప్పి, ఈ బొమ్మను ఈమె చేతిలో పెట్టింది. వాళ్ల ఊరి పొలంలో దున్నుతుంటే బయటపడిందట. ఈమె దాన్ని తెచ్చి ఇంట్లో టీవీ పక్కన పెట్టుకుంది. తమ్ముడు ఫొటో తీసి ఎవరికో పంపాడు. మన వైపు గుప్తనిధుల పిచ్చి మీకు తెలియంది కాదు. రాజంపేట నుంచి ఒక బట్టల వ్యాపారి బేరానికి వచ్చేలోపే పోలీసులు వచ్చారు. కువైట్ ఇంట్లో దొంగిలించిందా, లేక పురాతన వస్తువును దేశాలు దాటించిందా అన్నది వాళ్ల అనుమానం. బొమ్మతో పాటు ఆమె పాస్‌పోర్టు కూడా తీసుకున్నారు. సెలవు గడువు దాటితే అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి, రద్దవుతుంది. అకామా పోతే ఉద్యోగం పోయినట్టే.

ఎస్సై బల్ల మీద తువ్వాలు పరిచి బొమ్మను పెట్టాడు. జానెడు కూడా లేదు. నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుగు. గుడ్డలో చుట్టిన శవం ఆకారం, ఎదమీద ముడిచిన చేతులు, ఆ చేతుల్లో రెండు చిన్న పారలు. పాదాల దగ్గర కొన విరిగి ఉంది. నడుము నుంచి కిందికి వరుసలుగా లిపి. కొంగుకు చేతులు తుడుచుకుని తీసుకున్నాను.

నేను చదవడం మొదలుపెట్టాను. పెదవులు కదుపుతున్నానని కూడా తెలియలేదు. ఒక్కో గుర్తూ తెలిసిన మొహమే. ఎక్కడా తప్పు లేదు. ఇలాంటి బొమ్మలను ఉషబ్తి అంటారు, జవాబు చెప్పేది అని అర్థం చెబుతారు. చచ్చిపోయిన గొప్పవాణ్ణి పరలోకంలో పొలం పనికి పిలిస్తే, అతని బదులు లేచి ‘నేనున్నా’ అని పలకడానికి దీన్ని సమాధిలో పెట్టేవాళ్లు. వాకిలి దగ్గరికి వచ్చి నిలబడిన ఆమె, దాని మీద ఏం రాసిందని అడిగింది. చెప్పాను.

బొమ్మ చేతుల్లోని పారలు చూసి, “అంటే సచ్చినాంక గూడా పని తప్పదా మేడం?” అంది.

“గొప్పవాళ్లకు తప్పుతుందమ్మా. వాళ్ల బదులు ఇది చేస్తుంది.”

“మరి దీని బదులు?”

నేను బొమ్మను తువ్వాలు మీద పెట్టాను. ఎస్సై దగ్గాడు. “మేడం, నాకు పెద్ద వ్యాసం వద్దు. అసలుదా, కాదా, ఒక్క ముక్క జెప్పండి. రాసుకుంటా.”

అసలుదనే అనిపిస్తోంది. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్ల చదువుకు ఒక నిజమైన వస్తువు ఎదురైందన్న ఆశ కూడా అందులో ఉందని నాకు తెలుసు. అందుకే ఇప్పుడే చెప్పలేనని, కొంత సమయం కావాలని అన్నాను. ఫొటోలు తీసుకుంటానంటే ఒప్పుకున్నాడు గానీ, అతని మొహంలో నిరాశ స్పష్టంగా కనిపించింది. ఇంత దూరం పిలిపించింది ఈ మాట కోసమా అన్నట్టు.

కాలేజీలో ఈ సంగతి ప్రిన్సిపాల్‌కు చెప్పక తప్పలేదు, సెలవు ఇచ్చింది ఆయనే గనక. మంచి మనిషి. కాలేజీకి ఏ కాస్త పేరు వస్తుందన్నా పసివాడైపోయేవాడు. ఊరందర్నీ పిలిచి పెట్టిన భోజనంలా ఆ విషయాన్ని ఒక విలేకరికి వడ్డించాడు. మర్నాడు పేపర్లో, వేల ఏళ్లనాటి బొమ్మ మీది లిపిని కర్నూలు అధ్యాపకురాలు చదివేసిందని నా ఫొటోతో సహా వచ్చింది. చదవగలిగినంత మాత్రాన అది పాతదైపోదు. రాజుగారి శాసనాన్ని నిన్న నకలు తీసినా చదవగలం గదా. ఆ తేడా విలేకరికి అక్కర్లేదు, ప్రిన్సిపాల్‌కు తట్టలేదు.

“మన కాలేజీ పేరు పేపర్లో వచ్చినాదమ్మా. సంతోషపడాల్సింది పోయి మొహం అట్ల పెడతావేం?” అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు. ఎస్సై ఫోన్ చేసి, పేపర్లో వచ్చాక పైనుంచి అడుగుతున్నారని, ఇక తన చేతుల్లో ఏమీ లేదని, బొమ్మను కోర్టుకు పంపేశామని చెప్పాడు. కోర్టు నన్ను పిలుస్తుందన్నాడు. ఆమె గురించి అడిగాను. రోజూ స్టేషన్‌కు వచ్చి పాస్‌పోర్టు అడిగి పోతోందట.

ఆ రోజుల్లో సెల్‌ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఫొటోలను పెద్దవి చేయించి స్టాఫ్ రూములో బల్ల నిండా పరుచుకుని కూర్చునేదాన్ని. నకిలీలు చేసేవాళ్లకు లిపి రాదు. ఎక్కడో ఒక పక్షి అటు తిరగాల్సింది ఇటు తిరుగుతుంది, ఒక గుర్తు మాయమవుతుంది. ఇందులో అలాంటి పొరపాటు కోసం కళ్లు కాయలు కాచేలా వెతికాను. అది దొరకాలని దేవుడికి కూడా మొక్కానంటే నవ్వకండి. విదేశాల్లో నాకు ఉత్తరాల ద్వారా తెలిసిన ఇద్దరు పండితులకు ఫొటోలు పంపాను. ఒకరు పలకలేదు. ఇంకొకాయన, లిపి సరిగానే ఉంది, చేత్తో పట్టుకోకుండా అంతకుమించి చెప్పలేను అని రాశాడు. చేత్తో పట్టుకున్నదాన్ని నేనే. నాకేమో తెలియడం లేదు.

ఒక ఆదివారం ఆమె తమ్ముడు కర్నూలులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప అవతలే నిలబడ్డాడు. ముందు తన తప్పు తాను ఒప్పుకున్నాడు. అక్క సంపాదన మీద ఇంటిల్లిపాదీ బతుకుతున్నామని, ఆమెకు ఇప్పటి వరకు తాను చేసిన మేలు ఒక్కటీ లేదని, చేసిందల్లా ఈ కీడేనని అన్నాడు. తర్వాత అసలు మాట కొచ్చాడు.

“నకిలీదని ఒక్క మాట రాయండి మేడం. ఆ బొమ్మ ఏమన్నా అడగొస్తాదా మిమ్మల్ని?”

“తెలియనిదాన్ని తెలుసునని ఎట్లా రాసేదయ్యా?”

“మీకే తెల్దంటే ఇంకెవురికి తెలుస్తాది?”

మజ్జిగ ఇస్తే తాగకుండా వెళ్లిపోయాడు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. అతను అడిగింది చిన్న సాయం. చేస్తే ఎవరికీ నష్టం కూడా లేదేమో. కానీ అది అసలుదై ఉండి, రేపు ఇంకొకరు చూసి చెబితే, అప్పుడు ఆమెతో పాటు ఆమెను కాపాడబోయిన అబద్ధం కూడా బోనెక్కుతుంది. ఆమె మీద అనుమానం ఇంకా బలపడుతుంది. ఇలా అటూ ఇటూ లెక్కలు వేసుకుని, చివరికి కోర్టులో ‘నాకు తెలియదు’ అని చెప్పడానికే నిశ్చయించుకున్నాను. అది చెబితే కేసు ఢిల్లీ దాకా పోతుంది, బొమ్మ ఏ ప్రయోగశాల అల్మరాలోనో పడి ఉంటుంది, ఈలోపు ఆమె గడువు దాటిపోతుంది. ఇదంతా తెలిసే నిశ్చయించుకున్నాను. నా జీవితంలో అంత పిరికిగా, అంత మొండిగా ఒకేసారి ఎప్పుడూ లేను.

కోర్టు రోజున రాయచోటిలో ఎండ నిప్పులు చెరుగుతోంది. ప్రిన్సిపాల్ కూడా నాతో వచ్చాడు. తన వల్లే ముదిరిందని ఆయనకు అప్పటికి అర్థమైంది. దారి పొడవునా నా సంచి మోశాడు. మేజిస్ట్రేటు చిన్న వయసు అమ్మాయి. నా విద్యార్థులంత ఉంటుంది. ప్రమాణం చేయించి, వస్తువు చూసి అభిప్రాయం చెప్పమంది. హాల్లో వెలుతురు తక్కువగా ఉంది. కిటికీ దగ్గర చూస్తానంటే సరేనంది. అటెండరు బొమ్మను తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. వెనక బెంచీలో ఆమె, తమ్ముడు. నేను వాళ్లవైపు చూడలేదు.

లిపి చదవకూడదని ముందే అనుకున్నాను. చదివితే మళ్లీ మురిసిపోతాను. అందుకే తలకిందులుగా పట్టుకుని పాదాల వైపు నుంచి చూశాను. విరిగిన చోట నల్లగా మురికి పట్టి ఉంది. స్టేషన్‌లోనూ, ఫొటోల్లోనూ అది పాత దెబ్బలాగే కనిపించింది. ఎండలో కొంచెం పక్కకు తిప్పేసరికి ఆ మురికి అడుగున ఏదో తళుక్కుమంది. మనసులో ఒక అనుమానం. తడి దూదితో తుడవడానికి అనుమతి అడిగాను. ప్రభుత్వ న్యాయవాది, వస్తువు పాడైతే ఎవరు బాధ్యులని అడ్డం చెప్పాడు. నేనే బాధ్యురాలినని రాసుకోమన్నాను. మేజిస్ట్రేటు ఆ మాట రాయించి, తుడవమంది.

మెల్లగా, రుద్దకుండా అద్దాను. మురికి దూదికి వచ్చింది. విరిగిన ఆ గుంటలో నీలం మెరుగు, మిగతా ఒంటి మీద ఎలా ఉందో అలాగే, నున్నగా ఉంది. గోటితో తడిమాను. ఇంకోసారి తడిమాను. నమ్మడానికి భయమేసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను. తర్వాతే నోరు తెరిచాను.

“ఊరగాయ జాడీ కింద పడి పగిలిందనుకోండి. పగిలిన చోట లోపలి మట్టి బయటపడుతుంది. అక్కడ మెరుగు ఉండదు, ఎందుకంటే మెరుగు ఎక్కింది పైనే. ఈ బొమ్మకు దెబ్బ తగిలిన చోట కూడా మెరుగు ఉంది. అంటే దీనికి దెబ్బ తగల్లేదు. దెబ్బ తిన్న పాత బొమ్మ ఒకటి ఎక్కడో ఉంది. దాన్ని అచ్చు తీసి, ఆ దెబ్బతో సహా పోత పోసి, రంగు వేశారు. ఇది ఆ నకలు. లిపిలో తప్పు లేకపోవడానికీ అదే కారణం.”

ఆ న్యాయవాది తెలివైనవాడు. పాతకాలంలోనే విరిగితే పాతకాలంలోనే మళ్లీ మెరుగు వేసి ఉండవచ్చు గదా అన్నాడు. మామూలుగానైతే ఆ ప్రశ్నకు సంతోషించేదాన్ని. అప్పుడు మాత్రం మళ్లీ తెలియదనాల్సి వస్తుందేమో అనుకున్నాను. బొమ్మను మళ్లీ తిప్పాను. విరిగిన అంచు నుంచి రెండు పక్కలా పైకి, చెవుల దాకా, వెంట్రుకంత గీత ఒకటి మెరుగు కింద నుంచి కనిపిస్తోంది. రెండు అచ్చులు కలిసిన చోట వచ్చే అతుకు గీత. అది ఆ గుంట లోపల కూడా తెగకుండా సాగింది. ముందు అచ్చు పోసి, తర్వాత విరిగి ఉంటే గీత అక్కడితో ఆగిపోవాలి. చూడమని మేజిస్ట్రేటు చేతికే ఇచ్చాను. ఆ అమ్మాయి కిటికీ దాకా లేచి వచ్చి చాలాసేపు చూసింది.

ఖచ్చితంగా చెబుతున్నారా అని అడిగింది. చెబుతున్నానన్నాను. ప్రిన్సిపాల్ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు.

బయటికి వచ్చాక తమ్ముడు నా కాళ్ల మీద పడబోతే ఆపాను. అతను ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఆమె మాత్రం వరండా స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్లాక అడిగింది.

“అంటే ఆయమ్మ నాకు అబద్ధం జెప్పినట్లా మేడం? వాళ్ల పొలంలో దొరికినాదని?”

ఇన్ని రోజులూ అన్ని వైపుల నుంచీ ఆలోచించానని అనుకున్నాను. ఈ వైపు నుంచి ఒక్కసారీ ఆలోచించలేదు. ఆమెను కాపాడే మాట ఆమెకు అందిన ఒకే ఒక కానుకను పల్చన చేస్తుందని నాకు తట్టలేదు. వంటావిడకు ఆమె తల్లి అలా చెప్పి ఉంటుందని, ఆ తల్లికి ఇంకెవరో చెప్పి ఉంటారని, బొమ్మ ఎప్పటిదో చెప్పగలను గానీ ఇచ్చినవాళ్ల మనసులో ఏముందో చెప్పలేనని అన్నాను. ఆమె విని, “ఆయమ్మ అట్లాంటిది గాదు” అని మాత్రం అంది. నాతో అన్నదో, తనకు తాను చెప్పుకున్నదో.

కేసు కొట్టేశారు. బొమ్మను ఆమెకే ఇచ్చేశారు. పాస్‌పోర్టు గడువుకు కొంచెం ముందు చేతికి వచ్చిందని, ఆమె విమానం ఎక్కిందని ఎస్సైయే ఫోన్ చేసి చెప్పాడు. పేపర్లో మాత్రం రెండోసారి రాలేదు. నకిలీ బొమ్మ వార్త కాదట. ప్రిన్సిపాల్ ఆ తర్వాత ఏ విలేకరి వచ్చినా నన్ను చూపించి, ఆవిడ ఒప్పుకుంటేనే అనేవాడు.

మీకు చెప్పదగ్గ నీతి ఇందులో పెద్దగా లేదు. తెలియదని చెప్పడానికి సిద్ధపడి వెళ్లాను గనక చూడగలిగానని కొన్నిసార్లు అనిపిస్తుంది. ఆ రోజు మబ్బు పట్టి ఉంటే ఏమయ్యేదోనని కొన్నిసార్లు అనిపిస్తుంది. రెండోది తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. మీరు ఏ వస్తువు ముందు కూర్చున్నా, దాని అవతల ఎవరు నిలబడి ఉన్నారో ఒకసారి చూసుకోండి. భయపడండి. పరవాలేదు.

నేను రిటైరైన ఏడాదికి ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి వీడియో కాల్ వచ్చింది. ఆమె. వెనక పెద్ద వంటిల్లు, పొయ్యి మీద ఆవిరి. పక్కన నల్ల ముసుగు, లావుపాటి పెద్దామె, చేతుల నిండా పిండి. ఫోన్ చేసినామె నవ్వుతూ, కెమెరా వైపే చూస్తూ, తెలుగులో గబగబా చెప్పింది.

“మేడం, ఆయమ్మ ఈమే. మన మాటలు ఈమెకు తెల్దు. ఆ బొమ్మ నిజమైందేనని, పెద్ద చదువుల మేడం చూసి జెప్పినాదని నేను జెప్పినా. మిమ్మల్ని ఒక్కసారి చూడాలని ఒకటే అడగతాంది. మీరు గూడా ఏదన్నా ఒక మాట అనండి.”

కోర్టులో ప్రమాణం చేసి చెప్పినదానికి ఎదురు మాట అనమని అడుగుతోంది. పెద్దామె అరబ్బీలో ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆమె దేశంలో వేల ఏళ్ల కిందట చచ్చినవాళ్ల రాతలు చదవగలను. బతికున్న ఒక ఈజిప్టు మనిషితో మాట్లాడటం అదే మొదటిసారి, ఆమె భాష నాకు రాదు. ఇద్దరూ తెరలోంచి నన్నే చూస్తున్నారు.

నాకు తెలిసిన పాత మాట ఒకటి అన్నాను. “నెఫెర్.” బాగుంది అని. నిజమైందని అనలేదు, కాదనీ అనలేదు. దాన్ని అప్పటివాళ్లు ఎలా పలికేవాళ్లో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ రాతలో హల్లులే ఉంటాయి, అచ్చులు మేం పెట్టుకున్నవే.

పెద్దామె పిండి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తను కూడా ఆ మాట పలికింది. నేను పలికినట్టు కాదు, గొంతులోంచి, ఇంకోలా. పక్కనామె వైపు తిరిగి ఏదో అంది.

“మళ్లీ అనమంటాంది మేడం.”

మళ్లీ అన్నాను.